అత్తమ్మ కూర్చునే వైపు

కొత్తవాడ, వరంగల్
జూన్ 14

అత్తమ్మకు,

నేను ఇందును. ఇంట్లో మనుషులం అందరం బాగానే ఉన్నాం. మగ్గానికే బాగాలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకు అంటావు. మొన్న ఫోన్‌లో నేను అరిచిన అరుపులకు పక్కింటివాళ్లు ఏదో గొడవనుకుని తలుపు కొట్టారు. నువ్వు మాత్రం తీరిగ్గా "జర గట్టిగ మాట్లాడు బిడ్డా" అన్నావు. రమ వదిన చేత చెప్పిద్దామంటే, పది మాటల్లో ఎనిమిది ఆమె తన దగ్గరే ఉంచుకుంటుంది. అదీగాక డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకు ఎవరికైనా పెద్ద ఉత్తరం రాయాలని చేయి దురదగా ఉంది. నీకు సరిగ్గా వినపడకపోవడం నా అదృష్టం. తప్పుగా అనుకోకు.

సంగతి ఇది. వదిన కాన్పుకని నువ్వు పాలంపేట పోయినప్పటి నుంచి పెద్ద మగ్గానికి ఎడమ వైపు ఖాళీ. జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎవరి సగంలో వాళ్లు అడ్డంగా పేక దారం దూర్చి, ఇనుప గోళ్ల పంజాతో దాన్ని కిందికి కొట్టాలి. బాపు ఒక్కడే ఏం చేస్తాడు? అమ్మను కూర్చోబెట్టి చూశాడు. ఒక్క పూట. సాయంత్రానికి అమ్మ లేచి, "మగ్గమన్న ఉండాలె, సంసారమన్న ఉండాలె" అని వంటింట్లోకి పోయింది.

నిన్న అన్నం తింటూ, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పాడు బాపు. మగ్గం విప్పేస్తాడట. ఎనుమాములలో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని మాట్లాడుకున్నాడట. పుట్టినప్పటి నుంచి పొద్దున నన్ను లేపుతున్నది ఆ మగ్గం చప్పుడే. "నేను కూసుంట" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కాసేపటికి బాపు కూడా ఆపేశాడు.

"దసరా దాక చూస్త," అన్నాడు. "నువ్వు కూసోని నేసింది సొసైటీల సారంగపాణి తీసుకుంటె మగ్గం ఉంటది. లేకుంటే ఇప్పుత."

సారంగపాణి సంగతి నీకు తెలియనిదా. నేత సొసైటీ కోసం మన వాడలో ఎవరి నేతనైనా బొటనవేలితో నొక్కి చూడనిదే తీసుకోడు. మగ్గం మీద ఇప్పుడున్నది ఒక భజన మండలి వాళ్ల ఎర్ర జంపఖానా. పొద్దున కాలేజీకి పోయేలోపు, సాయంత్రం వచ్చాక కూర్చుంటాను. ఎలా కూర్చోవాలో రాయి. ఎప్పుడు వస్తావో కూడా రాయి.

నీ మేనకోడలు
ఇందు


పాలంపేట
జూన్ 21

ఇందుకు అత్తమ్మ దీవెనలు.

చెప్పేది నేను, రాసేది రమ. నేనే రాద్దును గానీ మనవడు చేతుల్లోంచి దిగడం లేదు. నా మాటలను ఇస్త్రీ చేసి మరీ రాస్తానంటోంది నా కూతురు. (పోస్టులో పోయేది కదా, మడతలు లేకుండా ఉండాలని. - రమ)

నువ్వు కూర్చుంటానన్నందుకు సంతోషం. కానీ ఒకటి విను. లేవగానే ముఖం కడుక్కో, పంజాను కళ్లకద్దుకో, కూర్చో. మనసు బాగున్న రోజు కూర్చుని, బాగాలేని రోజు మానేస్తే అది నేత కాదు, సరదా. చేయి రావడానికి ఏళ్లు పడుతుంది. రేపే వస్తుందనుకుంటే ఎల్లుండి లేచిపోతావు. నేసిందంతా కింద కట్టెకు చుట్టుకుపోతుంది, నీకు కనపడేది కళ్ల ముందున్న జానెడే. ఆ జానెడు సరిగ్గా చూసుకో. చుట్టుకున్నదాన్ని నమ్ము. మాటిమాటికీ విప్పి చూడకు.

మీ బాపు దెబ్బ గట్టిది. నీ దెబ్బ తేలికైతే నీ సగం కుదురుకోదు, ఆయన సగం కన్నా పైకి లేస్తుంది. లేస్తే విప్పాల్సిందే. విప్పడానికి ఏడవకు. (అమ్మ ఇక్కడ ఇంకో మాట అంది. అది ఇస్త్రీకి లొంగలేదు. - రమ)

పిల్లాడి పుట్టు వెంట్రుకలు కాగానే వస్తాను.

అత్తమ్మ


కొత్తవాడ
జూలై 6

అత్తమ్మకు,

లేచింది. నువ్వు చెప్పినట్టే నా సగం పైకి లేచింది. హనుమకొండలో గుట్ట మీది గుడికి ఎక్కుతున్నట్టు ఎడమ వైపుకు ఎక్కుతూ పోయింది. బాపు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక దారం లాగి పట్టి చూపించాడు. దారం చదునుగా ఉంది, మా నేత లేదు. విప్పాం. మళ్లీ నేశాం, మళ్లీ విప్పాం. ఈ మూడు వారాల్లో నేను నేసిన దానికన్నా విప్పింది ఎక్కువ. విప్పడంలో మాత్రం నాకు మంచి చేయి వచ్చింది.

అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలి గట్టిపడ్డాయి. కాలేజీలో హారిక నా చేయి పట్టుకుని చూసి, కుస్తీ నేర్చుకుంటున్నావా అని అడిగింది. మొన్న మధ్యాహ్నం తెలుగు క్లాసులో కళ్లు మూసుకుపోతుంటే మేడమ్ లేపి, దీక్ష అంటే ఏమిటో చెప్పమన్నారు. "నిద్ర చాలకపోవడం" అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడమ్ నవ్వకుండా, ఆ అర్థం నిఘంటువులో లేదు గానీ తప్పు మాత్రం కాదన్నారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

పంజాను రోజూ కళ్లకద్దుకుంటున్నాను. మొదట్లో నువ్వు చెప్పావని చేశాను. నాకు పూజలూ అవీ అంతగా పట్టవని నీకు తెలుసు. కానీ ఇప్పుడు ఆ చల్లటి ఇనుము కళ్లకు తగిలితే తప్ప నిద్రమత్తు వదలడం లేదు. అది భక్తో అలవాటో తేల్చుకోలేకపోతున్నాను. పడుగు, పేక అనే మాటలు ఎంత బాగున్నాయో చూశావా? పేరు పెట్టినవాళ్లు కూడా పక్కపక్కన కూర్చునే పెట్టి ఉంటారు.

మానేయాలని రెండుసార్లు అనిపించింది. రెండుసార్లూ అప్పటికే కూర్చుని ఉన్నాను కాబట్టి లేవలేదు.

ఇందు


పాలంపేట
జూలై 13

ఇందుకు,

నీ ఉత్తరం రమ చదివి వినిపించింది. పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికి వస్తే వాళ్లకూ వినిపించాను. కుస్తీ మాటకు బాగా నవ్వారు. నువ్వు ఎప్పుడైనా వస్తే చేయి చూపించాలట.

అన్నీ రాశావు గానీ ఒకటి రాయలేదు. మీ బాపు తిడుతున్నాడా? మేమిద్దరం ఆ మగ్గం మీద కూర్చున్నంత కాలం వాడకంతా మా తిట్లే పొద్దుపొడుపు. నా చేయి ఒక్క క్షణం ఆగితే ఊరుకునేవాడు కాదు. నిన్ను ఏమంటున్నాడో రాయి.

(ఇందూ, పిల్లాడు ఇప్పుడు నా ఒళ్లోనే ఉన్నాడు. అమ్మ ఒళ్లో లేడు. ఊరికే చెప్తున్నాను. - రమ)

అత్తమ్మ


కొత్తవాడ
జూలై 28

అత్తమ్మా,

సాధించాను.

పదిహేను రోజులుగా ఒక్క వరుస కూడా విప్పలేదు. బాపు దారం లాగి పట్టి చూస్తే రెండు సగాలూ దారానికి అతుక్కున్నట్టు ఉన్నాయి. నా సగం, ఆయన సగం. ఎక్కడ కలిశాయో నాకే కనపడలేదు. ఉన్నట్టుండి చేయి వచ్చేసింది అత్తమ్మా. ఇదివరకు ఊగిసలాడే నేత ఇప్పుడు పరుగెత్తుతోంది. పొద్దున కూర్చుని లేచేసరికి కట్టె ఒక చుట్టు లావెక్కుతోంది.

తిడుతున్నాడా అని అడిగావు. ఒక్క మాట అనలేదు. "మంచిగ వస్తాంది బిడ్డా" అంటాడు, నీళ్లు తాగుతావా అంటాడు. కూడబెట్టుకున్న తిట్లన్నీ నీ మీదే అయిపోయినట్టున్నాయి.

ఇంకో అందం చెప్పనా? ఎర్ర పేక మధ్యలోంచి నిలువు పడుగు దారాలు అక్కడక్కడా తొంగి చూస్తున్నాయి. ఎర్రటి నేల మీద తెల్ల నువ్వులు చల్లినట్టు ఉంది. దీనికి నేను నువ్వుల నేత అని పేరు పెట్టాను. మేడమ్‌కు చెబితే కాగితం మీద రాసుకురమ్మన్నారు.

మన నేతవాళ్ల నూలు పౌర్ణమి పండుగ లోపలే జంపఖానా అయిపోతుంది. ఆ రోజు మాత్రం మగ్గం ముట్టొద్దంటోంది అమ్మ. రోజూ కూర్చోమన్నది మీరే, కూర్చోవద్దనేదీ మీరే. ఆ రోజే రాఖీ కదా, వచ్చి బాపుకు కట్టు, నా నువ్వులు చూడు.

ఇందు


పాలంపేట
ఆగస్టు 3

ఇందుకు,

రాఖీకి రాలేను. రాఖీనే పంపుతున్నాను, నా బదులు నువ్వు కట్టు. నూలు పౌర్ణమి నాడు మగ్గం ముట్టకు. మగ్గానికి కూడా ఏడాదికి ఒక రోజు మన నుంచి సెలవు కావాలి. ఆ ఒక్క రోజు ఆగితే నీ చేయి ఎక్కడికీ పోదు.

కింద రాసింది మీ బాపు కోసం. కట్టాక పైకి చదివి వినిపించు. దీన్ని ఇస్త్రీ చేయొద్దని రమకు గట్టిగా చెప్పాను.

తమ్మీ, రాఖీ కట్టిచ్చుకున్నంక ఇది విను. ఎర్రల తెల్ల నువ్వులు కనవడుతానయట. పిల్లకు తెల్వదు, నీకు తెల్వదా? పేక దిగుతలేదు, అందుకే పడుగు కనవడుతాంది, అందుకే నేత ఉరుకుతాంది. దాని చెయ్యి నీ దాక రాలేదు. నువ్వే నీ చెయ్యి దాని దాక తగ్గించినవ్. దాని మీద నాకు పావురం, ప్రేమ లేవా? నువ్వు గట్ల మెల్లగ కొడితే అది ఎన్నేండ్లు కూసున్నా ఏం నేర్వది. అది మగ్గం నిలవెట్టాలనే కూసున్నది. నువ్వు దాని ముచ్చట తీర్చాలని కూసున్నవ్.

అత్తమ్మ


కొత్తవాడ
ఆగస్టు 11

అత్తమ్మకు,

చదివి వినిపించాను. నాలుగో వాక్యం దగ్గర ఆపేశాను. బాపు "చదువు" అన్నాడు. మిగతాది చదివాను. ఆయన చేతికున్న రాఖీని తిప్పుకుంటూ కూర్చున్నాడు. కాదనలేదు.

అయినా నాకు ఎక్కడో ఆశ ఉంది. నిన్న జంపఖానా కోసి కింద పరిచాం. సారంగపాణి వచ్చి చెప్పులు విప్పి దాని మీద నాలుగడుగులు వేశాడు. వంగి బొటనవేలితో నొక్కాడు. వేలు దిగింది.

"జంపఖానా తెమ్మంటె దుప్పటి నేసినవేంది, బాలకిషనన్నా?"

బాపుతో అంతే అన్నాడు. టీ కూడా తాగకుండా పోయాడు. అమ్మ దాన్ని మడిచి అటక మీద పెట్టింది. నా నువ్వులన్నీ అటకెక్కాయి.

ఎందుకిలా చేశావని బాపును అడిగాను. నేను అరిచానేమో కూడా. ఆయన మెల్లగా చెప్పాడు. "లేచినంక నీ చేతులు వణుకుతానయ్ బిడ్డా. చూసుకుంట ఎట్ల కొట్టుదు?" ఇంకోటి కూడా చెప్పాడు. "అక్క ఇగ రాదు. భుజం లేస్తలేదు. మగ్గం బంజెయ్యమని దవాఖానల చెప్పిండ్రు. నువ్వన్న ఇష్టంగ కూసోవాలని..."

ఎండాకాలంలోనే తెలుసట మీ ఇద్దరికీ. పిల్లాడు చేతుల్లోంచి దిగడం లేదని రాయించావు. పుట్టు వెంట్రుకలు కాగానే వస్తానన్నావు. నేను మాత్రం నీ చోటును నీకు తిరిగి అప్పజెప్పాలని జాగ్రత్తగా కాపాడుతున్నాను. చుట్టుకున్నదాన్ని నమ్మమన్నావు, నమ్మాను. విప్పితే దుప్పటి.

ఈ రోజు కూర్చోలేదు.

ఇందు


పాలంపేట
ఆగస్టు 17

(ఇందూ, నీ ఉత్తరాన్ని అమ్మ రెండు రోజులు కొంగున కట్టుకుని తిరిగింది. ఈ పొద్దు గుడి దాకా నడిచి వచ్చి, రాయి అంది. ఒక్క అక్షరం మార్చడం లేదు. - రమ)

బిడ్డా,

కోపానికొచ్చినవ్, రావాలె. నేను చెప్పకపాయింది నీ కోసం కాదు, నా కోసం. చెప్తె అయిపోతది. రాను అని నోటితోని అంటె ఇగ రానట్టే. నలభై ఏండ్లు ఆ ఎడమ దిక్కే కూసున్న. పెండ్లయినంక రెండు గల్లీలు దాటి పోయిన గనీ, పొద్దుగాల ఆన్నే కూసున్న. మీ మామ పోయిన పదకొండో నాడు గూడ ఆన్నే కూసున్న. ఇప్పుడు అన్నం ముద్ద ఎడమ చేత్తోని తింటాన. పెన్ను వడితె చెయ్యి తిమ్మిరెక్కుతాంది. రాస్తె నువ్వు గుర్తువడుతవని రమతోని రాయిచ్చిన.

నమ్మితె దుప్పటైందన్నవ్. నేను నమ్మమన్నది నీ చేతిని. నువ్వు మెచ్చుకోలును నమ్మినవ్. అయినా ఆ రెండు నెలలు లేచింది నువ్వే కదా, బొబ్బలు నీయే కదా. అవి అటకెక్కలేదు.

కూసో అని నేను చెప్ప. మగ్గం ఇప్పుతె ఇప్పనీ. గనీ నువ్వు నీ బలం కొద్ది కొట్టి ఓడిపోయి ఇప్పాలె. తమ్ముడు జాలివడి గెలిపిచ్చినంక కాదు.

అత్తమ్మ


కొత్తవాడ
సెప్టెంబర్ 23

అత్తమ్మకు,

ఇన్ని రోజులు ఎందుకు రాయలేదంటే, సంతకం పెట్టడానికి కూడా వేళ్లు వంగలేదు. అలిగాననుకున్నావేమో. నీ ఉత్తరం అందాక అలిగింది రెండు రోజులే. మూడో రోజు పొద్దున లేచేసరికి బాపు ఒక్కడే మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. కొట్టడం లేదు. ఊరికే కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చుని, "నీ దెబ్బ నువ్వు కొట్టు బాపూ, నా దెబ్బ నేను కొడుత" అన్నాను.

భజన మండలి వాళ్లను బతిమాలి దసరా దాకా గడువు అడిగాం. ఒక్క జంపఖానాకు సరిపడా పడుగు మాత్రం వేశాడు. మొదలుపెట్టాం.

అత్తమ్మా, ఆయన అసలు దెబ్బ ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుంటే పళ్లు కదులుతాయి. నా సగం మళ్లీ గుట్టెక్కింది. విప్పాం. ఎక్కింది, విప్పాం. ఒకరోజు కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నాలుగు దెబ్బలు ఊరికే వేశాను. బాపు పంజా కింద పెట్టి, "కండ్లు యాడ వెట్టినవే? చేతుల పంజా వట్టినవా, పూలు వట్టినవా?" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. నేను కూడా ఊరుకోలేదు, "నీ దిక్కు నువ్వు చూసుకో" అన్నాను. వంటింట్లోంచి అమ్మ పరుగున వచ్చి, నీ కోసం చూస్తున్నట్టు గడపలో ఆగి, "సరోజనొదిన వచ్చిందనుకున్న" అంది. బాపుకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఇంకో రెండు తిట్టాడు. ఆ రోజు కాలేజీకి నడుస్తున్నంత సేపు నాలో నేనే నవ్వుకున్నాను. హారిక ఏమైందంటే, మా బాపు తిట్టాడని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు.

చేయి ఎప్పుడు దారికి వచ్చిందో ఈసారి నేను చెప్పలేను. ఒకరోజు దారం లాగి చూస్తే ఎత్తు తక్కువుంది. ఇంకో రోజు ఇంకా తక్కువుంది. నేత పరుగెత్తలేదు. నత్తలా నడిచింది. నువ్వులు ఒక్కటీ లేవు.

నిన్న కోశాం. సారంగపాణి వచ్చి నాలుగడుగులు నడిచాడు, వంగి నొక్కాడు. వేలు దిగలేదు. కానీ ఆయన మొదటి అంచు దగ్గరే ఆగిపోయాడు. అక్కడ నా మూల ఒక వేలు ఎత్తు ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఈ మూల ఒంకర ఉన్నది, బాలకిషనన్నా."

"ఉన్నది," అన్నాడు బాపు. "మా బిడ్డ ఆడికెల్లి మొదలువెట్టింది. ఈడిదాక నడిచి చూడు."

సారంగపాణి ఆ చివరికి నడిచాడు. కూర్చుని దారం లాగి పట్టాడు. దారం కింద రెండు సగాలూ ఒక్కటిగా ఉన్నాయి. జంపఖానాను చుట్టి భుజాన వేసుకుని, "టీ వెట్టు చెల్లె" అని అమ్మను అడిగాడు.

సాయంత్రం బాపు ఎనుమాముల పోయి వాచ్‌మన్ పనికి రానని చెప్పి వచ్చాడు. వచ్చేటప్పుడు నూలు తెచ్చాడు. ఒక్కదానికి కాదు, వేసవి దాకా సరిపోయే పడుగుకు. నాకు విసుగొస్తే ఎలా అని అడిగాను. "అడుగుతలేను. నూలు తెచ్చిన" అన్నాడు.

దసరాకు రా అత్తమ్మా. మగ్గం మీద కూర్చోవడానికి రమ్మనడం లేదు. ఆ వైపు నేను కూర్చుంటే నీకు ఎలా ఉంటుందో నాకు తెలియదు. కష్టంగా ఉంటుందనిపిస్తే రావద్దు, నేనే పాలంపేట వచ్చి చేయి చూపిస్తాను.

నీ
ఇందు


పాలంపేట
సెప్టెంబర్ 27

బిడ్డా,

(ఇస్త్రీ మానేశాను. - రమ)

ఉత్తరం మూడుసార్లు చదివిపిచ్చుకున్న. ఒంకర మూల కాడ రమ కండ్లు తుడుసుకున్నది, నేను గాదు. దసరాకు ముందే వస్తాన. రమ, పిల్లగాడు గూడ వస్తాండ్రు.

నాకు ఎట్లుంటదో అని ఫికరు వెట్టుకున్నవ్. నాకూ తెల్వదు. వచ్చి చూస్త. మగ్గం కాడ ఒక కుర్చీ ఎయ్యి, ఎడమ దిక్కు గాదు, ఎదురుంగ. ఆన్నుంచి రెండు పంజాలూ కనవడుతయ్.

మీ బాపుకు చెప్పు, తిట్టేటందుకు భుజం అక్కరలేదని.

అత్తమ్మ